కోడెకూ మనిషికీ ఎంత జాగా కావాలి?

మహాశివరాత్రి వారం రోజులుందనగా కరీంనగర్, సిరిసిల్ల జిల్లా పేజీల్లో ఏటా ఒకే తీరు వార్త వస్తుంది. వేములవాడ జాతరకు భారీ బందోబస్తు అని శీర్షిక. ఎస్పీ పర్యవేక్షణలో ఇంతమంది డీఎస్పీలు, సీఐలు, ఎస్సైలు, కానిస్టేబుళ్లు, హోంగార్డులు. ఇన్ని సీసీ కెమెరాలు, ఇన్ని పార్కింగ్ స్థలాలు. మేడారం జాతరకైతే పోలీసుల సంఖ్యే పది వేలు దాటుతుంది. చదివినవాళ్లకు ధైర్యం కలుగుతుంది, ఏర్పాట్లు ఘనంగా ఉన్నాయనిపిస్తుంది. అయితే ఆ వార్తలో ఎన్నడూ కనిపించని లెక్కలు కొన్ని ఉన్నాయి. గుడికి వెళ్లే దారి అన్నిటికన్నా ఇరుకైన చోట ఎన్ని అడుగులు ఉంది? గంటకు ఎంతమంది దర్శనం చేసుకుని బయటపడగలరు? లోపల ఎంతమంది నిండితే వెనక వచ్చేవాళ్లను ఆపాలి, ఎక్కడ ఆపాలి, ఆపమని చెప్పే అధికారం ఏ ఒక్కరి చేతిలో ఉంది? జాతరకు వెళ్లిన మనిషి క్షేమంగా ఇల్లు చేరడం ఈ రెండో రకం లెక్కల మీద ఆధారపడి ఉంది. మనం మాత్రం ఏళ్లుగా మొదటి లెక్కే వేస్తున్నాం. జాతరకు కావలసిన వనరులంటే ముందుగా జాగా, సమయం, సమాచారం. పోలీసులు వాటిని కాపాడే మనుషులే గాని వాటికి బదులు కాలేరు.

వేములవాడ సంగతే తీసుకుందాం. 2016లో జిల్లాలు విడిపోయాక ఈ ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వెళ్లింది గానీ, పాత కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలన్నిటికీ రాజన్నే ఇలవేల్పు. మేడారం వెళ్లేవాళ్లు కూడా ముందు ఇక్కడికి వచ్చి మొక్కు చెల్లించి పోవడం ఆనవాయితీ. శివరాత్రికి లక్షల్లో వస్తారు, జాగారం ఉంటారు కాబట్టి వచ్చినవాళ్లు ఆ రాత్రికి ఊరు విడిచిపోరు. ధర్మగుండంలో స్నానం, కల్యాణకట్టలో తలనీలాలు, కోడె మొక్కు, ఆపైన దర్శనం: ఒక్కో మొక్కుకూ ఒక్కో క్యూ. వీటిలో కోడె మొక్కు ఈ క్షేత్రానికే ప్రత్యేకం. మొక్కుకున్న కుటుంబం కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, కట్టేసే చోట కట్టేసి వస్తుంది. తాడు పట్టిన ఇంటి పెద్ద, వెనక చంటిబిడ్డను ఎత్తుకున్న కోడలు, ఆమె కొంగు పట్టుకున్న ముసలమ్మ, కొబ్బరికాయల సంచి. ఈ నలుగురూ కోడెతో కలిసి నడవాలంటే ఒట్టి నలుగురు మనుషులకు చాలే జాగా చాలదు. పశువు బెదిరితే పక్కకు జరగడానికి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేనిచోట వంద మంది కానిస్టేబుళ్లను నిలబెట్టినా ఖాళీ పుట్టుకురాదు. నిలబడ్డ ఆ వందమందికీ జాగా కావాలి కదా, ఉన్న దారి మరింత ఇరుకవుతుంది.

ఇప్పుడు దర్శనం లెక్క చూద్దాం. స్వామి ముందు ఒక్కొక్కరికి ఒక్క సెకను చొప్పున ఇచ్చామనుకుందాం. గంటకు 3,600 మంది. పొద్దూ రాత్రీ ఒక్క నిమిషం ఆగకుండా నడిపినా రోజుకు 86,400 మంది. రెండు లక్షల మంది వస్తే అందరికీ దర్శనం కావడానికి 55 గంటలకు పైగా పడుతుంది. రెండు వరుసలు నడిపితే ఆ సమయం సగమవుతుంది, అంతకు మించి చేయగలిగింది లేదు. అంతసేపూ మిగిలినవాళ్లు ఎక్కడుండాలి? చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున, అంటే బిడ్డను కింద కూర్చోబెట్టి కాసిని నీళ్లు తాగించగలిగేంత వెసులుబాటుతో లెక్కవేస్తే, రెండు లక్షల మందికి లక్ష చదరపు మీటర్లు, దాదాపు 25 ఎకరాలు కావాలి. ఇది ఒక ఉదాహరణ మాత్రమే, అసలు సంఖ్యలు అక్కడ కొలిచి తెలుసుకోవాలి. కానీ ఈ చిన్న లెక్కతోనే ఒక సంగతి తేలిపోతోంది. గడప వెడల్పు పెంచలేనప్పుడు పెంచగలిగేది వేచి ఉండే చోటు, పంచగలిగేది సమయం. ఇంకో మూడు వందల మంది పోలీసులు కావాలా వద్దా అనే ప్రశ్న ఈ రెండూ తేలాకే రావాలి.

జనం గుమిగూడిన చోట ప్రాణాలు పోతే మనం తొక్కిసలాట అంటాం. ఆ మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది. ఎవరో ఎవరినో తొక్కారని, జనమే జనాన్ని చంపుకున్నారని అది చెప్పకనే చెబుతుంది. నిజానికి ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి చనిపోరు. నిలబడే చనిపోతారు, ఊపిరాడక. నేల మీద సుద్దముక్కతో ఒక చదరం గీయండి, అటూ ఇటూ మీటరు, అంటే రెండు మూరల పైచిలుకు. అందులో ఇద్దరు హాయిగా నిలబడతారు. నలుగురైతే భుజాలు తగులుతాయి, అయినా ఎవరి నడక వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఐదో మనిషి చేరాక జేబులో ఉన్న ఫోన్ తీసుకోవడం కష్టం. ఆరుగురు, ఏడుగురయ్యాక మనిషి తన ఇష్టం మీద అడుగు వేయలేడు. ఎక్కడో వెనక ఒకరు తూలితే ఆ ఊపు నీటి అలలా ముందుకు వస్తుంది, పాదాలు నేల విడుస్తాయి. ఛాతీ మీద అన్ని వైపుల నుంచీ ఒత్తిడి పడితే లోపలికి గాలి పీల్చడానికి పక్కటెముకలు తెరుచుకోవు. నిమిషాల్లో స్పృహ పోతుంది. పొట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలు, బిడ్డను ఎత్తుకుని చేతులు ఖాళీ లేని తల్లులు ముందుగా ఇబ్బంది పడతారు. గుంపుల ప్రమాదాలను లోతుగా పరిశీలించిన అమెరికా ఇంజనీరు జాన్ ఫ్రూయిన్ 1993లోనే ఈ తీరును వివరించి, ఒత్తిడి, సమాచారం, స్థలం, సమయం అనే నాలుగింటిని గమనించమన్నాడు. ముందు ఏం జరుగుతోందో వెనక ఉన్నవాళ్లకు తెలియదు. ముందు దారి కదలడం లేదని తెలియక వాళ్లు ఇంకో అడుగు వేస్తారు. ఆ ఒక్క అడుగులో దురుసుతనమేమీ లేదు.

తెలుగువాళ్లకు ఈ పాఠం గోదావరి ఒడ్డునే ఎదురైంది. 2015 జులై 14న పుష్కరాలు మొదలైన ఉదయమే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర 27 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది మహిళలే. నదికి ఘాట్లు తక్కువై కాదు, ఊరి పొడుగునా ఇంకా ఘాట్లు ఉన్నాయి. పుష్కరాలు ఒక్క పూటవీ కావు, 12 రోజులవి. అయినా ఆ ఘాట్‌లోనే, ఆ ముహూర్తానికే మునిగితే పుణ్యమన్న నమ్మకం లక్షల మందిని ఒక్క ద్వారం ముందుకు తెచ్చింది. పన్నెండు రోజుల్లో ఏ రోజు, నదిలో ఏ రేవులో మునిగినా ఫలం ఒక్కటేనని పండితుల చేత నెల ముందు నుంచీ చెప్పించి ఉంటే ఆ మాట కొన్ని వేల మంది పోలీసుల పని చేసేది. సమాచారం వనరు అనడంలో అర్థం ఇదే. అదే రోజు ఉదయం మన వైపు ధర్మపురిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పుష్కర స్నానం చేసి ఉత్సవాన్ని ప్రారంభించారు. ఇక్కడ ఘాట్ల మీద అంతటి ఘోరం జరగలేదు. కానీ ఆ వారాంతంలో ధర్మపురి, బాసర, కాళేశ్వరం దారుల్లో వాహనాలు గంటల తరబడి నిలిచిపోయాయి. ఆ రద్దీ రోడ్డు మీద చిక్కుకోకుండా ఒక్క గంటలో ఘాట్ మీదికి చేరి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. మన క్షేమానికి ఆ రోజు ట్రాఫిక్ జామ్ కూడా ఒక కారణం కావచ్చునని నాకు అనిపిస్తుంది. ప్రణాళిక చేయవలసిన పని ట్రాఫిక్ జామ్ చేసిందంటే సంతోషించవలసింది లేదు.

టోకెన్లు ఇస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. టోకెన్ మంచిదే, అది రద్దీని గంటల మీద పరుస్తుంది. కానీ 2025 జనవరి 8న తిరుపతిలో ఆరుగురు చనిపోయింది వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నచోటే. కొండ మీద ఎంతో పద్ధతిగా నడిచే వ్యవస్థ, కొండ కింద ఒక పార్కు గేటు దగ్గర తెగిపోయింది. అస్వస్థతకు గురైన మహిళను బయటికి తేవడానికి గేటు తెరిస్తే, టోకెన్లు ఇవ్వడం మొదలైందనుకుని జనం కదిలారు. గేటు ఎందుకు తెరుస్తున్నారో ఒక మైకులో నాలుగు మాటలు చెప్పి ఉంటే, లోపలికీ బయటికీ వేరు వేరు దారులు ఉండి ఉంటే, కథ వేరుగా ఉండేది. అదే ఏడాది నవంబర్ 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో కార్తీక ఏకాదశి రద్దీలో తొమ్మిది మంది పోయారు, అక్కడా వచ్చే దారీ పోయే దారీ ఒక్కటే. క్యూను ఒక చోటి నుంచి తీసి ఇంకో చోట పెడితే ప్రమాదం కూడా దానితోపాటే అక్కడికి పోతుంది.

విదేశాల్లోనూ ఇంతే. ఇంగ్లండులోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో 1989 ఏప్రిల్ 15న జరిగిన దుర్ఘటన 97 మందిని బలి తీసుకుంది. పోలీసులు చాలినంతమంది ఉన్నారు. బయట రద్దీ పెరిగిందని ఒక పెద్ద గేటు తెరిపించారు, అప్పటికే నిండిపోయిన గ్యాలరీలోకి దారితీసే సొరంగ మార్గాన్ని మూయించలేదు. లోపల నిండిందన్న సంగతి గేటు దగ్గరి నిర్ణయంలోకి రాలేదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2022 అక్టోబర్ 29 రాత్రి ఇటేవాన్‌లోని ఒక ఇరుకు గల్లీలో 159 మంది చనిపోయారు. జనం నలిగిపోయేలా ఉన్నారని, అదుపు చేయమని మొదటి ఫోన్ పోలీసులకు సాయంత్రం 6.34కే వచ్చింది. ప్రమాదం జరిగింది రాత్రి పది దాటాక. ఆ రోజు అక్కడ పెట్టిన 137 మంది పోలీసుల్లో ఎక్కువమంది చూపు నేరాల మీద, మాదకద్రవ్యాల మీద ఉంది. దాదాపు నాలుగు గంటల సమయం చేతిలో ఉన్నా, గల్లీకి రెండు కొసల్లో నిలబడి జనాన్ని ఒకే వైపు నడిపించే పని ఎవరికీ అప్పగించి లేదు.

ఈ ఉదాహరణలన్నిటి వెనకా ఒక పాత అలవాటు ఉంది. జనసమూహం కనిపించగానే ప్రభుత్వ యంత్రాంగానికి అది ఒక ప్రమాదంలా కనిపిస్తుంది, ప్రమాదంలో ఉన్న మనుషుల్లా కనిపించదు. జనం నుంచి రక్షణ వేరు, జనానికి రక్షణ వేరు. మన ప్రాంతంలో ఈ తేడాను ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి చెప్పినంత కఠినంగా మరే ఊరూ చెప్పదు. 1981 ఏప్రిల్ 20న అక్కడ గిరిజన రైతు కూలీ సంఘం సభ జరగాలి. ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. ఆ కబురు గూడేలకు చేరలేదు. పైగా ఆ రోజు సంత. సభకని కొందరు, సంతకని కొందరు కొండల నుంచి నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని ఆదివాసీలూ హక్కుల సంఘాలూ ఇప్పటికీ చెబుతున్నాయి. ఈ ఘటనను జాతర రద్దీతో పోల్చడం సరికాదు, దాని రాజకీయం వేరు, దాని అన్యాయం వేరు. కానీ ఒక పాయింటు మాత్రం ఇక్కడికి వర్తిస్తుంది. అనుమతి రద్దయిందన్న మాటను గోండీలో గూడెం గూడేనికీ చేర్చే బాధ్యత ఎవరిదీ కాలేదు, తుపాకులు మోయించే బాధ్యత మాత్రం అప్పగించారు. వనరులు ఎటు పెట్టామన్నది మనం జనాన్ని ఎలా చూస్తున్నామన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. పోలీసులు తక్కువైతే దొంగతనాలు, పిల్లలు తప్పిపోవడం, ఆడవాళ్ల మీద అల్లరి, మత ఘర్షణలు ఎవరు చూస్తారు? భైంసా లాంటి ఊళ్లలో ఊరేగింపు అంటేనే గుండె దడ. నక్సలైట్ ఉద్యమం నడిచిన జిల్లాల్లో ఏళ్ల తరబడి ప్రతి సభకూ బాంబు తనిఖీలు అవసరమయ్యాయి. ఈ అభ్యంతరంలో నిజం ఉంది, పోలీసులను తగ్గించమని నేను అనడం లేదు. అడుగుతున్నది పని విభజన. దొంగను వెతికే కన్ను గుంపు ముఖాల మీద ఉంటుంది. ఒత్తిడిని గమనించే కన్ను పాదాల మీద, కదలిక మీద ఉండాలి. ఒకే మనిషి ఈ రెండూ పన్నెండు గంటల డ్యూటీలో చేయలేడు. పైగా ఈ రెండు పనులూ ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డు వస్తాయి. సంచులు తనిఖీ చేయడానికి ద్వారాన్ని ఇరుకు చేస్తే బయట క్యూ చిక్కబడుతుంది. తనిఖీ అవసరమే, అయితే అది ఇరుకు ద్వారానికి అరకిలోమీటరు ముందే జరగాలి. జనం రాకపోకల బాధ్యతకు వేరే మనుషులు, వాళ్ల మీద ఒకే ఒక అధికారి, ఆ అధికారికి క్యూను ఆపే, వీఐపీ కాన్వాయ్‌ని సైతం ఆపే హక్కు ఉండాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే భారీ జనసమూహాల నిర్వహణ మీద ఒక మార్గదర్శిని ప్రచురించింది. మనకు పుస్తకం లేక కాదు.

వీఐపీ మాట వచ్చింది కాబట్టి దాని లెక్క కూడా వేద్దాం. సెకనుకు ఒకరు చొప్పున కదిలే క్యూను ఒక ప్రముఖుడి దర్శనం కోసం ఇరవై నిమిషాలు ఆపితే 1,200 మంది వెనక పోగవుతారు. వాళ్లకు చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున 600 చదరపు మీటర్లు కావాలి. ఆ స్థలం లేకపోతే అదే జనం సగం స్థలంలో సర్దుకుంటారు, నలుగురు చొప్పున. ఇంకొక ప్రముఖుడు వస్తే సుద్ద చదరంలో ఆరో మనిషి చేరతాడు. వచ్చిన పెద్దమనిషికి ఇది తెలియదు, చెప్పేవాళ్లూ ఉండరు.

ఇంకో అభ్యంతరం అన్నిటికన్నా ఎక్కువగా వినిపిస్తుంది: మన జనానికి క్రమశిక్షణ లేదు, లైనులో నిలబడరు, ఎన్ని ఏర్పాట్లు చేసినా అంతే. ఇంద్రవెల్లికి దగ్గర్లోనే ఉన్న కేస్లాపూర్ ఈ మాటకు సమాధానం. పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి, గోదావరి జలం తెచ్చి, మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఎంతమంది వచ్చినా వంట మాత్రం 22 పొయ్యిల మీదే, వంశంలోని శాఖల వారీగా, ఒకరి తర్వాత ఒకరు. కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్‌కూ వరుస ఉంది. ఆకలితో ఉన్న పిల్లలున్న కుటుంబం కూడా పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. అక్కడ లాఠీ అవసరం రాదు. తన వంతు తప్పకుండా వస్తుందని ప్రతి ఒక్కరికీ తెలుసు కాబట్టి ఆగుతారు. రాదేమోనన్న భయం ఉన్నచోట మహా శాంతస్వభావులు కూడా ముందుకు తోసుకుంటారు. గుడి తలుపులు మూసేస్తారేమో, ప్రసాదం అయిపోతుందేమో, చివరి బస్సు వెళ్లిపోతుందేమో అన్న ఈ భయాలే తోపులాటకు మూలం. అవి తీరాలంటే బెత్తం చాలదు, నమ్మదగిన మాట కావాలి. మీ ముందు ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటలు పడుతుంది, చివరి బస్సు మీరు వచ్చేదాకా ఉంటుంది అని పావుగంటకోసారి మైకులో, బోర్డు మీద, తెలుగులో, ఆదిలాబాద్ వైపు గోండీ, మరాఠీల్లోనూ చెప్పాలి. 1940లలో, కుమ్రం భీమ్ అమరుడయ్యాక, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో ఇదే జాతరలో దర్బారు మొదలైంది. గోడు వినే ఏర్పాటు ఉంటే మనుషులు కూర్చుని వింటారని ఆనాటి నిజాం ప్రభుత్వానికి కూడా తెలిసివచ్చింది.

వచ్చేవాళ్లెందరో ముందే ఎలా తెలుస్తుందన్నది ఆచరణకు సంబంధించిన ప్రశ్న. ఇప్పుడు మనం చెప్పుకునే సంఖ్యల్లో గొప్ప ఎక్కువ, కొలత తక్కువ. లక్షలు, కోటి అని ప్రకటించడం జాతర ఘనతకు గుర్తు అయిపోయింది. నిజమైన లెక్కలు మాత్రం మన చేతిలోనే పడి ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం, అయినా ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొడతారు. ఏ డిపో నుంచి ఏ గంటలో ఎంతమంది వేములవాడకు బయలుదేరారో ఆ యంత్రాల్లో ఉంటుంది. కోడె మొక్కు టికెట్లు, కల్యాణకట్ట టికెట్లు, లడ్డూల అమ్మకం, వీటన్నిటికీ గంటల వారీ లెక్క ఉంది. గత మూడు శివరాత్రుల లెక్కలు పక్క పక్కన పెడితే ఏ రోజు ఏ గంటకు రద్దీ పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ఒక కాగితం మీద కనిపిస్తుంది. కరీంనగర్ బస్టాండ్ నుంచి ఎక్కిన మనిషి వేములవాడ గుడి ముందుకు చేరడానికి గంటకు పైనే పడుతుంది. అంటే టికెట్ కొట్టిన క్షణంలోనే ఆలయానికి గంట ముందు హెచ్చరిక అందినట్టు. ఆ గంటను వాడుకోవడమే నిర్వహణ.

జనాన్ని ఆపవలసి వస్తే దూరంలో ఆపాలి. రాజగోపురం దగ్గర ఆపితే అది తోపులాట, మూలవాగు ఆవల తిప్పాపూర్ దగ్గర ఆపితే అది విశ్రాంతి. అక్కడ నీళ్లు, నీడ, మరుగుదొడ్లు ఉంటే ఎవరూ నొచ్చుకోరు. కొండగట్టుకు ఇది మరీ అవసరం. హనుమాన్ జయంతికి మాలధారులు కాలినడకన వేలకు వేలుగా వస్తారు, పైన చోటు పరిమితం, కొండ దారి ఇరుకు. అక్కడి క్షేమం కొండ కింద ఊళ్లలోనే మొదలవుతుంది. 2018 సెప్టెంబర్ 11ను జగిత్యాల జిల్లా మరచిపోలేదు. కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అది మంగళవారం, అంజన్న రోజు. ఆ బస్సులో సీట్ల కన్నా దాదాపు రెట్టింపు జనం ఉన్నారు. దాన్ని రోడ్డు ప్రమాదాల ఖాతాలో రాశాం. నా దృష్టిలో అది రద్దీ ప్రమాదం కూడా. దేవుడి ముందు క్యూ ఎలా నిండుతుందో బస్సూ అలాగే నిండింది, నిండాక ఇక చాలని ఆపే మనిషి ఎవరూ లేరు.

ఖర్చు ఎక్కువ, గ్రామ పంచాయతీలకూ చిన్న దేవస్థానాలకూ ఇది ఎక్కడ సాధ్యం అనే మాట కూడా ఉంది. కెమెరాలకు, డ్రోన్లకు పెట్టే ఖర్చుతో పోలిస్తే కొలత టేపుకు, సుద్దముక్కకు, మైకుకు అయ్యేది ఎంత? మనుషులు కూడా ఇక్కడే ఉన్నారు. కొండగట్టు పక్కనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, బాసరలో సరస్వతీ ఆలయం ఉన్న ఊళ్లోనే ట్రిపుల్ ఐటీ ఉంది. దారి వెడల్పులు కొలిచి, గంటకు ఎంతమంది సాగుతున్నారో లెక్కపెట్టి పటం గీయడం ఆ విద్యార్థులకు ఒక సెమిస్టరు పని. గోదావరిఖని, మంచిర్యాల వైపు సింగరేణికి గని ప్రమాదాల్లోకి దిగే రెస్క్యూ బృందాలున్నాయి. ఊపిరాడని మనిషిని ఇరుకులోంచి బయటికి తేవడం వాళ్ల వృత్తి. గోదావరి రేవుల్లో ఏ మెట్టు దగ్గర సుడి ఉందో గంగపుత్రులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తాత్కాలిక కట్టడాలకు మాత్రం ఇంజనీరు సంతకం తప్పనిసరి చేయాలి: 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల్లో ప్రేక్షకుల గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో క్యూ పక్కన కట్టిన కొత్త గోడ వానకు కూలి ఏడుగురు పోయారు.

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. బాసర నుంచి ధర్మపురి, కోటిలింగాల, మంచిర్యాల, మంథని మీదుగా కాళేశ్వరం దాకా మన ఒడ్డంతా పుష్కర రేవులే. ఘాట్ల నిర్మాణానికి నిధుల మాట చాలా వినిపిస్తుంది, ఘాట్‌కు ఎంతమంది అన్న మాట వినిపించదు. బ్రిటన్ క్రీడా మైదానాల భద్రతా మార్గదర్శిని ప్రకారం మెట్ల మీద మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది దాకా సాగగలరు. ఆ లెక్కన విశాలమైన మెట్లు ఎంత జనాన్నైనా నదిలోకి దించేస్తాయి. అసలు ఇరుకు మెట్ల దగ్గర లేదు, నీటి అంచున ఉంది. నూరు మీటర్ల పొడవు ఘాట్, స్నానానికి పది మీటర్ల మేర దిగగలిగే లోతు అనుకుంటే వెయ్యి చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున ఒక్కసారికి రెండు వేల మంది. ఒక్కొక్కరికి పావుగంట పడితే గంటకు 8,000. తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిపితే లక్షా ఇరవై ఎనిమిది వేలు. ఇది కూడా అంచనా లెక్కే, కానీ ధర్మపురిలో ప్రతి ఘాట్‌కూ ఇలాంటి సంఖ్య ఒకటి తేల్చి, దాన్ని జగిత్యాల, కరీంనగర్ బస్టాండ్ల కంట్రోల్ రూముల గోడ మీద రాయాలి. అది కూడా రెండు సంఖ్యలు. పుష్కరాలు వచ్చేది వానాకాలంలో. పైన శ్రీరాంసాగర్ గేట్లు మూసి ఉంటే నీరు మెట్లకు దూరంగా జరిగి ఇసుక తేలుతుంది, జనం లోపలికి లోపలికి నడుస్తారు. 2022 జులైలో మంథని, మంచిర్యాల వీధుల్లోకి వచ్చినట్టు వరద వస్తే సగం మెట్లు నీటి కింద ఉంటాయి, పది మీటర్ల అంచు కాస్తా రెండు మీటర్లవుతుంది, గంటకు 8,000 అన్నది 1,600 అయిపోతుంది. ఆ పొద్దున గేజీ చూసి సంఖ్య మార్చేది ఎవరు, మారిన సంఖ్యను బస్సు కండక్టర్ దాకా ఎన్ని నిమిషాల్లో చేరుస్తారు అన్నది ఇప్పుడే, నది నిమ్మళంగా ఉన్నప్పుడే, పేరు రాసి పెట్టుకోవలసిన విషయం.